ఓనెట్ ఇంట్రస్ట్ ప్రొఫైలర్: బ్యాంకు కౌంటరుకు మనం సరిపోతామో లేదో చెప్పగలదా?

ప్రభుత్వ బ్యాంకుల ఉద్యోగ పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ 2025లో క్లర్కు అన్న పేరు తీసేసి కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని పెట్టింది. స్టేట్ బ్యాంకు జూనియర్ అసోసియేట్ పోస్టుకైతే కస్టమర్ సపోర్ట్ అండ్ సేల్స్ అన్న తోక ముందునుంచే ఉంది. పేరులో కస్టమరు ఉన్నాడు గానీ ఎంపికలో ఆ ఊసే లేదు. ప్రిలిమ్స్, మెయిన్స్, స్థానిక భాష పరీక్ష, అంతే. ఇంటర్వ్యూ ఉండదు. రోజంతా జనం ఎదుట కూర్చోగలమా లేదా అన్నది అభ్యర్థే తేల్చుకోవాలి. నంద్యాలలో నెలల తరబడి కోచింగ్ తీసుకునే ముందే తేల్చుకుంటే ఇంకా మంచిది.

అందుకు ఉచితంగా దొరికే సాధనాల్లో నా దృష్టిలో మేలైనది అమెరికా కార్మిక శాఖ ఆధ్వర్యంలో నడిచే ఓనెట్ (ఉద్యోగాల వివరాల భండారం) వారి ఇంట్రస్ట్ ప్రొఫైలర్, అంటే మన ఇష్టాలను బట్టి సరిపడే పనులు చూపే ప్రశ్నావళి. మై నెక్స్ట్ మూవ్ అనే సైట్లో ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. మొత్తం 60 ప్రశ్నలు. ఒక్కోదాంట్లో ఒక పని పేరు చెప్పి, అది ఎంత ఇష్టమో ఐదు మెట్లలో అడుగుతుంది. మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959 నుంచి రూపొందిస్తూ వచ్చిన ఆరు రకాలే దీనికి ఆధారం: రియలిస్టిక్ (చేతిపనులు), ఇన్వెస్టిగేటివ్ (పరిశోధన), ఆర్టిస్టిక్ (కళలు), సోషల్ (మనుషులకు సాయం), ఎంటర్‌ప్రైజింగ్ (నాయకత్వం, అమ్మకాలు), కన్వెన్షనల్ (రికార్డులు, లెక్కలు). రకానికి 10 ప్రశ్నలు, 40 మార్కులు.

జవాబు ఇచ్చేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఆ పని తమకు చేతనవునా అని ఆలోచించడం. జీతం ఎంతొస్తుంది, చదువు సరిపోతుందా అనేవి కూడా పక్కన పెట్టాలి. ఇష్టమా కాదా, అదొక్కటే. తేల్చుకోలేక మధ్య మెట్టు మీదే నొక్కుకుంటూ పోతే ఆరు మార్కులూ దగ్గరదగ్గరగా వస్తాయి. అప్పుడు మొదట నిలిచిన రకానికి పెద్ద అర్థం ఉండదు. రెండు వారాలు ఆగి మళ్లీ రాయడమే దారి.

ఇంకో చిక్కు చివర్లో వస్తుంది. మార్కులయ్యాక జాబ్ జోన్, అంటే ఉద్యోగానికి ఎంత చదువు, తయారీ కావాలో చెప్పే మెట్టు, ఎంచుకోమంటుంది. మనవాళ్లు డిగ్రీ ఉంది కదా అని నాలుగో జోన్ నొక్కుతారు. అమెరికాలో బ్యాంకు టెల్లరు (కౌంటరు ఉద్యోగి) పని రెండో జోన్‌లో ఉంది, అక్కడ దానికి డిగ్రీ అవసరం లేదు. కాబట్టి జాబితాలో టెల్లరు కనిపించక, ఈ ఉద్యోగం నాకు సరిపడదట అని నిరాశపడతారు. రెండో జోన్ కూడా తెరిచి చూడాలి.

అసలు లోపం ఇది కాదు. టెల్లరు పనికి సరిపడే రకంగా ఓనెట్ మొదట రాసేది కన్వెన్షనల్. ఆ విభాగంలో అడిగేవి రికార్డులు సరిచూడటం, స్ప్రెడ్‌షీట్ తయారు చేయడం, జీతాల లెక్క కట్టడం వంటివి. అందులో 35 వచ్చినవాళ్లకు కాగితం, అంకె ఇష్టమని నమ్మవచ్చు. కౌంటరుకు అవతలివైపు మనిషి సంగతి మాత్రం అందులో లేదు. సోషల్ విభాగం చూద్దామా అంటే, అక్కడ పిల్లలకు ఆటలు నేర్పడం, మానసిక సమస్యల్లో ఉన్నవారికి సాయపడటం వంటి ప్రశ్నలే ఎక్కువ. విసుగెత్తిన వరుసను సముదాయించడం అనేది 60 ప్రశ్నల్లో ఎక్కడా రాదు.

కౌంటరులో కష్టమంతా ఆ రెండు పనులూ ఒకే నిమిషంలో చేయాల్సి రావడంలో ఉంది. జమకు తెచ్చిన కట్టలో దొంగనోటు కనబడిందనుకోండి. దాన్ని తిరిగి ఇవ్వకూడదు, ఖాతాలో జమ చేయకూడదు. ముద్ర వేసి, స్వాధీనం చేసుకుని, రసీదు ఇవ్వాలి. ఒకే లావాదేవీలో నాలుగు నోట్ల వరకైతే నెలకోసారి పోలీసులకు వెళ్లే నివేదికలో చేరతాయి, ఐదు దాటినా ఐదే అయినా ఎఫ్‌ఐఆర్. తన తప్పేమీ లేని మనిషికి ఈ మాట మెత్తగా చెబుతూనే, మిగతా నోట్ల లెక్క తప్పకూడదు. సాయంత్రం క్యాష్ తక్కువ పడితే క్యాషియరే కట్టుకోవాలి.

అందుకే గలగలా మాట్లాడేవాళ్లే కౌంటరుకు పనికొస్తారన్న నమ్మకం నాకు లేదు. 1991లో బ్యారిక్, మౌంట్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూస్తే, వాళ్లు తీసుకున్న ఐదు వర్గాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడిన గుణం పనిపట్ల శ్రద్ధ. కలుపుగోలుతనం ముఖ్యంగా అమ్మకాల్లో, మేనేజర్ల పనిలో కలిసొచ్చింది. తక్కువ మాట్లాడే మనిషైనా, అడిగిందే మళ్లీ అడిగినా చిరాకు పడకపోతే కౌంటరులో చక్కగా రాణిస్తారు. మనిషి స్వభావాన్ని నాలుగు అక్షరాల్లో చెప్పే ఎంబీటీఐ పరీక్ష జోలికి ఈ నిర్ణయం కోసం పోవద్దు. ఉద్యోగుల ఎంపికకు దాన్ని వాడకూడదని ప్రచురణకర్తలే చెబుతారు.

ప్రొఫైలర్‌కు తెలుగు రూపం లేకపోవడం పెద్ద కొరత. ఇంగ్లిష్ వాక్యాలు చిన్నవే అయినా, పక్కన తెలిసినవారుంటే మేలు.

ఫలితం చేతికి వచ్చాక, నెల మొదటి వారంలో పింఛన్లు పడే రోజున ఏదైనా ప్రభుత్వ బ్యాంకు శాఖలో గంటసేపు కూర్చోండి. పాస్‌బుక్ ముద్రణ దగ్గర, క్యాష్ దగ్గర జరిగే సంభాషణలు వినండి. కన్వెన్షనల్‌లో ఎక్కువ, సోషల్‌లో బాగా తక్కువ వచ్చి, ఆ గంట కూడా భారంగా గడిస్తే, లోపలి సీటు దొరక్కపోతుందా అన్న ఆశతో క్లర్కు పరీక్ష రాయకండి. సీట్లు మారుతూ ఉంటాయి, కౌంటరు తప్పదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు డిగ్రీ స్థాయిలో జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌ పరీక్షలో ఆడిటర్, అకౌంటెంట్ పోస్టులున్నాయి. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్ చాలావరకు అవే కాబట్టి చదివింది వృథా పోదు.