ఉల్లి కుళ్ళు: అడుగు నుంచా, మెడ నుంచా?

తాడేపల్లిగూడెం మార్కెట్లో కొన్న ఉల్లి బస్తా విప్పగానే ఒక పాయను తిరగేసి చూడండి. అడుగున వేర్ల దగ్గర తెల్లటి బూజు ఉండి, నొక్కితే వేలు మెత్తగా దిగిందంటే అది ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే అడుగు కుళ్ళు. పొలంలోనే అంటుకున్న జబ్బు ఇది. ఈ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి బతికే ఉంటుంది. నాకు దీంతోనే ఎక్కువ టెన్షన్. లంక భూముల్లో ఉల్లి వేసేవాళ్ళు వెంటనే అదే మడిలో మళ్ళీ ఉల్లి పెట్టకండి, దయచేసి పంట మార్చండి. నీళ్ళు నిలవనివ్వకండి.

మెడ దగ్గర, పైపొర కింద మసిలాంటి నల్లపొడి కనిపిస్తే అది ఆస్పర్‌జిల్లస్ అనే మరో శిలీంధ్రం తెచ్చే నల్లబూజు. 30 డిగ్రీలు దాటిన ఎండ, మన డెల్టా ఉక్కపోత దీనికి బాగా సరిపోతాయి. ఇది ఎక్కువగా నిల్వలోనే ముదురుతుంది. మెడ గలగలలాడేదాకా ఆరబెట్టి, గాలాడేచోట పలచగా పరిస్తే చాలావరకు ఆగుతుంది.