బీరువాలో ముసలివైన బూట్లు

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ వెళ్ళొచ్చామంటే అందరూ చలి గురించే అడుగుతున్నారు. చలికి కోటుంది. నేను చెప్పేది మాత్రం బూట్ల సంగతి. నేపాల్‌లో విమానం దిగే లుక్లా నుంచి రానూపోనూ దాదాపు 130 కిలోమీటర్లు, పన్నెండు రోజులు.

మా బావ బూట్లు చూడ్డానికి కొత్తవే. ఏడేళ్ళ కింద కొని, రెండుసార్లు వేసి, బీరువాలో దాచారు. దారిలో వచ్చే పెద్ద ఊరు నామ్చే (3,440 మీటర్లు)లో రెండో రోజు, ఎత్తుకి అలవాటు పడదామని స్యాంగ్‌బోచే వైపు ఎక్కుతుంటే వెనక టప్ టప్‌మని చప్పుడు. కుడి బూటు సోలు మడమ దగ్గర నోరు తెరిచింది. లోపలి మెత్తని పొరని వేలితో నొక్కితే పాత గోడ సున్నంలా రాలింది. అది పాలియురేథేన్ అనే నురగలాంటి ప్లాస్టిక్; వాడకుండా దాచినా గాలిలో తేమకే ఏళ్ళ మీద చివికిపోతుందట. "ఒక్కసారి కూడా తడవలేదురా!" అని బావ ఒకటే బాధ.

నయమేంటంటే, ఊడింది నామ్చేలో. అక్కడ బూట్ల షాపులకి కొదవలేదు, ధర గురించి అడక్కండి. కొత్తవి వేసుకుని మర్నాడే తెంగ్‌బోచే ఎక్కారు, రెండు మడమలూ బొబ్బలు.

నావి చీలమండ దాకా రాని తేలిక బూట్లు. అక్టోబర్లో దారి పొడిగా ఉంది కాబట్టి చాలా హాయి. మంచు పడి ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు. నా తప్పు సైజులో. పొద్దున్నే షాపుకెళ్ళి సరిగ్గా పట్టేవి కొన్నాను. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది, మందపాటి సాక్సూ ఉంటుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో నెల్లాళ్ళు నడిచినా తెలియలేదు, అక్కడ దిగుడు లేదుగా! తిరుగుదారిలో నామ్చే నుంచి దిగుతుంటే ప్రతి అడుగుకీ బొటనవేలు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడింది. అర సైజు పెద్దవి కొనాల్సింది.

లాడ్జీల్లో గది చవక, భోజనం మాత్రం అక్కడే చెయ్యాలి. వేణ్ణీళ్ళకీ ఫోన్ చార్జింగ్‌కీ వేరే డబ్బులు. డింగ్‌బోచేలో జడలబర్రె పేడ పిడకల పొయ్యి పక్కన బూట్లు ఆరబెడితే, లాడ్జి దీదీ మాట్లాడకుండా తీసి గుమ్మం దగ్గర పెట్టింది. వేడికి జిగురు వదులుతుందని తర్వాత సైగలతో చెప్పింది.

బావ నామ్చే బూట్లు మళ్ళీ బీరువా ఎక్కాయి. కూరగాయలు తేవడానికైనా బావకి అవే తొడిగించి పంపమని అక్కకి చెప్పాను.