రైజెన్ 5 1600ని చవక బీ350 బోర్డ్ మీద ఓవర్‌క్లాక్ చేసి, ఏళ్ళ తరబడి వాడాక

నా ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 1600ని ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం (క్లాక్) కన్నా ఎక్కువకి పెంచాను; అది చాలాకాలంగా 3.8 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తోంది. మదర్‌బోర్డ్ బీ350 చిప్‌సెట్ (బోర్డ్‌ని నడిపే చిప్) ఉన్న మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజు రకం, అందులోనూ బాగా చవకది. దీని బయోస్‌లో, అంటే బోర్డ్ సెట్టింగుల స్క్రీన్‌లో, ఓవర్‌క్లాకింగ్‌కి పనికొచ్చేవి మూడే ఉన్నాయి: మల్టిప్లయర్ (బేస్ క్లాక్‌ని దీనితో గుణిస్తే ప్రాసెసర్ క్లాక్ వస్తుంది), కోర్ వోల్టేజ్ ఆఫ్‌సెట్ (మామూలు వోల్టేజ్‌కి కలిపే అదనం), ర్యామ్ స్పీడ్. వోల్టేజ్ ఇంత కావాలని నేరుగా అంకె రాసే వీల్లేదు. లోడ్‌లో వోల్టేజ్ పడిపోకుండా చూసే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ లేదు. బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర నుంచి కదలదు. అయినా ఈ జోడీ అంటే నాకు ఇష్టం. ఈ మూడింటితోనే చాలా దూరం వెళ్ళొచ్చు, ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు.

2017లో వచ్చిన మొదటి తరం మామూలు డెస్క్‌టాప్ రైజెన్ ప్రాసెసర్లకి ఏఎండీ మల్టిప్లయర్ లాక్ తీసేసింది. ఓవర్‌క్లాక్ కుదురుతుందా లేదా అన్నది చిప్‌సెట్ మీద ఆధారపడి ఉంటుంది. ఏ320లో కుదరదు, బీ350లోనూ ఎక్స్370లోనూ కుదురుతుంది. 1600కి ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. బేస్ (కనీస క్లాక్) 3.2, బూస్ట్ (తనంతట తాను పెంచుకునే క్లాక్) 3.6 గిగాహెర్ట్జ్ అని పెట్టె మీద ఉంటుంది. నిజానికి కోర్లన్నీ పనిలో ఉంటే 3.4 దగ్గర నిలబడుతుంది. ఒకటి రెండు కోర్ల పనికి మాత్రం బూస్ట్‌ని ఇంకాస్త పెంచే ఎక్స్‌ఎఫ్‌ఆర్ పుణ్యమా అని 3.7 దాకా వెళ్తుంది.

మల్టిప్లయర్‌ని మనం మార్చగానే ఈ బూస్ట్ వ్యవస్థ మొత్తం పక్కకు తప్పుకుంటుంది. అప్పుడు కోర్లన్నీ మనం చెప్పిన క్లాక్‌లోనే నడుస్తాయి. కాబట్టి 3.6 దగ్గర ఆపేస్తే ఒక్క కోర్ మీద నడిచే పనుల్లో వేగం పెరగకపోగా తగ్గుతుంది. ఈ ప్రాసెసర్‌కి 3.7 కన్నా తక్కువ ఓవర్‌క్లాక్ దండగ. 3.8లో కూడా బ్రౌజర్, ఆఫీసు పనుల్లో తేడా తెలియదు. వీడియో ఎన్‌కోడింగ్, పెద్ద ప్రోగ్రామ్‌లు కంపైల్ చేయడం లాంటి వాటిలో 3.4కి బదులు 3.8 దొరుకుతుంది కనుక దాదాపు 12 శాతం లాభం. నా పని ఎక్కువగా అలాంటిదే.

అసలు కష్టమంతా వోల్టేజ్‌ది. ప్రాసెసర్ మీద పని బరువు (లోడ్) పడగానే దానికి అందే వోల్టేజ్ కొంత పడిపోతుంది. మంచి బోర్డుల్లో ఆ పడిపోవడాన్ని లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ సరిచేస్తుంది. మన దగ్గర అది లేదు. లోడ్‌లో 1.30 వోల్టులు కావాలంటే, ఖాళీగా ఉన్నప్పుడు అంతకన్నా ఎక్కువ చూపించేలా ఆఫ్‌సెట్ పెట్టాల్సిందే. అందుకే బయోస్ స్క్రీన్ మీద కనిపించే అంకెను నేను లెక్కలోకి తీసుకోను. కంప్యూటర్ సెన్సర్లను చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో ఎస్‌వీఐ2 టీఎఫ్‌ఎన్ అని ప్రాసెసర్ వోల్టేజ్ రీడింగ్ ఒకటి ఉంటుంది. లోడ్ పెట్టి అది చూసుకుంటూ ఆఫ్‌సెట్‌ని ఒక్కో మెట్టు పెంచుకున్నాను. ఎక్కువకాలం వాడాలంటే 1.35 దాటించకపోవడం మేలన్నది ఓవర్‌క్లాకింగ్ చేసేవాళ్ళు సాధారణంగా చెప్పే మాట. నా చిప్ 3.8కి అంతకు లోపలే నిలబడింది. 3.9కి మాత్రం 1.4 దగ్గరకి వెళ్ళమంది. అక్కడే ఆగిపోయాను.

ఆగడానికి ఇంకో కారణం వీఆర్‌ఎం. అది బోర్డ్ మీద ప్రాసెసర్‌కి కరెంట్ అందించే భాగం, అందులోని మాస్‌ఫెట్లు అనే చిన్న స్విచ్చుల మీద నా బోర్డ్‌లో హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) లేదు. ప్రాసెసర్ లాగే పవర్ క్లాక్‌తో పాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్‌కైతే వర్గం లెక్కన పెరుగుతుంది. క్లాక్ 12 శాతం పెంచి, వోల్టేజ్ 1.2 నుంచి 1.3కి తీసుకెళ్తే పవర్ సుమారు 31 శాతం ఎక్కువవుతుంది. ప్రాసెసర్ ఆ వేడిని తట్టుకుంటుంది, హీట్‌సింక్ లేని వీఆర్‌ఎం అంత తేలిగ్గా తట్టుకోదు. ఇక్కడ ప్రాసెసర్‌తో పాటు వచ్చే రైత్ స్పైర్ కూలర్ గొప్ప మేలు చేస్తుంది. దాని ఫ్యాన్ గాలిని కిందకి, బోర్డ్ మీదకి తోస్తుంది, ఆ గాలి మాస్‌ఫెట్లకీ తగులుతుంది. గాలిని పక్కకి తోసే టవర్ కూలర్ పెడితే ప్రాసెసర్ చల్లబడుతుంది కానీ వీఆర్‌ఎం మీద గాలి ఆడదు. ఇలాంటి బోర్డ్ ఉన్నవాళ్ళు టవర్ కూలర్ కొనేముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి. నేను స్పైర్‌నే ఉంచుకుని, క్యాబినెట్ వెనక మరో ఫ్యాన్ చేర్చాను.

నన్నడిగితే క్లాక్ కన్నా ర్యామ్ స్పీడే ఎక్కువ సంతోషం ఇచ్చింది. ఈ రైజెన్‌లో కోర్లు రెండు గుంపులుగా ఉంటాయి, వాటిని కలిపే ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ అనే దారి ర్యామ్ క్లాక్‌తోనే నడుస్తుంది. ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే నా డీడీఆర్4 ర్యామ్ 2133లోనే ఉండిపోయేది. 2933కి పెంచాక గేముల్లో మధ్యమధ్య వచ్చే కుదుపులు బాగా తగ్గాయి. మొదటి బయోస్‌లతో అంత ర్యామ్ స్పీడ్‌కి కంప్యూటర్ సరిగా బూటే అయ్యేది కాదు. ఏజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే కోడ్) 1.0.0.6 ఉన్న బయోస్ వచ్చాకే ఇది సాఫీగా కుదిరింది. ర్యామ్ స్పీడ్ మార్చిన ప్రతిసారీ ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపడం తప్పనిసరి. ప్రాసెసర్ క్లాక్ కుదరకపోతే కంప్యూటర్ హ్యాంగ్ అయి ఆ సంగతి మనకు తెలుస్తుంది, ర్యామ్ స్పీడ్ కుదరకపోతే ఫైళ్ళు చడీచప్పుడు లేకుండా పాడవుతాయి.

ప్రాసెసర్ మీద పూర్తి లోడ్ పెట్టే ప్రైమ్95 పరీక్షలో గంటల తరబడి నిలబడినా, విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా ఎర్రర్లు (విండోస్ నమోదు చేసే హార్డ్‌వేర్ తప్పులు) కనిపిస్తే నేను దాన్ని స్టేబుల్ అనను. ఆఫ్‌సెట్ మరో మెట్టు పెంచుతాను, లేదా మల్టిప్లయర్ ఒక పావు తగ్గిస్తాను. ఆ పావు మెట్టు 25 మెగాహెర్ట్జే, వాడకంలో ఎవరికీ తెలియదు.

ఇన్నేళ్ళలో అదే క్లాక్‌కి వోల్టేజ్ పెంచాల్సిన అవసరం రాలేదు. థర్మల్ పేస్ట్ మాత్రం ఎండిపోతే మార్చాను. ఒక ఇబ్బంది ఇంకా ఉంది. ఈ బయోస్‌లో ప్రొఫైల్ సేవ్ చేసుకునే వీలు లేదు. అప్‌డేట్ చేసినా, సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచే మెమరీ) క్లియర్ చేసినా సెట్టింగులన్నీ పోతాయి. స్క్రీన్ ఫోటోలు తీసి ఫోన్‌లో ఉంచుకున్నాను. అప్‌డేట్ తర్వాత పాత ఆఫ్‌సెట్ అంకెనే రాసినా వోల్టేజ్ కొంచెం వేరుగా రావచ్చు. అందుకని ముందు మామూలు క్లాక్‌లోనే లోడ్ పెట్టి ఎస్‌వీఐ2 రీడింగ్ చూస్తాను, ఆ తర్వాతే మల్టిప్లయర్‌ని 38కి తెస్తాను.