బ్లెండర్ సైకిల్స్: ఇంటీరియర్ రెండర్లకు సరిపోతుందా?

ఉచిత 3డీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌తో పాటే వచ్చే సైకిల్స్ రెండర్ ఇంజిన్ (3డీ మోడల్‌కు వెలుగునీడలు లెక్కగట్టి బొమ్మగా మార్చే భాగం) 2011 చివర్లో బ్లెండర్ 2.61 వెర్షన్‌లో అడుగుపెట్టింది. 2021 డిసెంబరులో వచ్చిన 3.0 కోసం దాన్ని చాలావరకు తిరగరాశారు. లైసెన్సుకు పైసా కట్టనక్కర్లేదు, తయారైన బొమ్మ అమ్ముకున్నా ఎవరూ వాటా అడగరు. ఉచితం కదా అని సర్దుకుపోవాల్సిన సరుకు కాదిది. హాలు, వంటగది, ఫర్నిచర్, సీసాల లాంటి కదలని చిత్రాల్లో డబ్బు పెట్టి కొనే ఇంజిన్ల పక్కన ధైర్యంగా నిలబెట్టొచ్చు. కాకపోతే గది లోపలి సీన్లకు అందులో ముందే పెట్టి ఉండే (డిఫాల్ట్) సెట్టింగులు పనికిరావు.

ముందు గ్రాఫిక్స్ కార్డు సంగతి. ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్ కింద ఆప్టిక్స్ ఎంచుకోవాలి (ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులకు అక్కడే ఉండే CUDA ఎంపికకన్నా ఇదే వేగం). ఆ తర్వాత రెండర్ ట్యాబ్‌లో డివైస్‌ను జీపీయూ కంప్యూట్‌కు మార్చాలి. ఈ రెండోది మరిచిపోయి ‘సైకిల్స్ నత్తనడక’ అని తిట్టేవాళ్లు ఎందరో.

రెండర్ శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు వేసే కిరణాల గరిష్ఠ లెక్క) 4096, నాయిస్ థ్రెషోల్డ్ (ఎంత గరుకు మిగిలితే ఆపాలో చెప్పే హద్దు) 0.01 అని ఉంటాయి. గదికి అంత అక్కర్లేదు. థ్రెషోల్డ్ 0.03, శాంపిల్స్ 800 దగ్గర పెట్టి మిగిలిన గరుకును తుడిచే ఓపెన్ ఇమేజ్ డీనాయిస్ ఆన్ చేస్తే సరిపోతుంది. ఇంకా తొందరపడి 64కు దించితే గ్రానైట్ మీది ప్రతిబింబాలు, గోడ మూలల్లోని నీడలు మైనం పూసినట్టు అలుక్కుపోతాయి.

అసలు చిక్కు కిటికీ అద్దం దగ్గర. కెమెరా నుంచి బయలుదేరిన కిరణం గోడను తాకాక, అక్కడి నుంచి సూర్యుడి వైపు ఒక నీడ కిరణం వెళ్తుంది. మధ్యలో గ్లాస్ మెటీరియల్ ఉంటే అది అక్కడే ఆగిపోతుంది. దాంతో గది చీకటిగా ఉంటుంది, అక్కడక్కడా తెల్ల చుక్కలు మెరుస్తాయి. దీనికి మందు ఉంది. అద్దం మెటీరియల్‌లో, రెండు మెటీరియళ్లను కలిపే మిక్స్ షేడర్ నోడ్ మొదటి సాకెట్‌కు గ్లాస్, రెండోదానికి ట్రాన్స్‌పరెంట్ ఇచ్చి, ఫ్యాక్టర్‌కు లైట్ పాత్ నోడ్‌లోని ‘ఈజ్ షాడో రే’ కలపాలి. ఆకాశపు వెలుగు కూడా లోపలికి రావాలంటే ‘ఈజ్ డిఫ్యూజ్ రే’ని మ్యాథ్ నోడ్‌లో మాక్సిమమ్ పెట్టి జోడించాలి. ఇన్నేళ్లయినా ఈ చాకిరీ వాడేవాళ్ల నెత్తినే వదిలేయడం ఏం బాగోలేదు. స్కెచ్‌అప్ నుంచి తెచ్చిన మోడల్‌లో అద్దం మందం లేని ఒంటి పొర అయితే వంపు లెక్క కూడా తప్పుతుంది. మందం ఇచ్చే సాలిడిఫై మాడిఫయర్‌తో 5 మిల్లీమీటర్లు ఇవ్వండి. కిటికీ బయట పోర్టల్ టిక్ చేసిన ఏరియా లైట్‌ను లోపలి వైపు తిప్పి పెడితే నాయిస్ తగ్గుతుంది. పోర్టల్ తనంతట తాను వెలుగివ్వదు, ఆకాశం ఏ దిక్కున ఉందో ఇంజిన్‌కు చూపిస్తుందంతే. అప్పటికీ చుక్కలు పోకపోతే ఇన్‌డైరెక్ట్ క్లాంప్ (తిరిగి వచ్చే వెలుగు తీవ్రతకు వేసే హద్దు) 10 నుంచి 3కు దించండి. గది కాస్త మసకబారుతుంది కాబట్టి అంతకంటే కిందికి వద్దు.

డిఫ్యూజ్ బౌన్సులు (గోడల మీద వెలుగు ఎన్నిసార్లు తిరిగి ఎగరాలో ఆ లెక్క) 4 ఉంటాయి, 8 చేస్తే మూలలు తేరుకుంటాయి. తెల్ల గోడ రంగు 1.0 పెట్టకండి, అసలు సున్నం గోడ కూడా వెలుగునంతా తిప్పికొట్టదు. 0.8 చాలు. ఉపరితలం నునుపు, గతుకులు చెప్పే రఫ్‌నెస్, నార్మల్ మ్యాపులకు కలర్ స్పేస్ నాన్-కలర్ ఉండాలి. లేకపోతే టైల్స్ గతుకులు వింతగా కనిపిస్తాయి. టేబుల్ అంచులకు 1–2 మిల్లీమీటర్ల బెవెల్ (అంచును కాస్త చెక్కడం) ఇస్తే అక్కడ వెలుగు గీత పడుతుంది. ‘కంప్యూటర్ బొమ్మ’ అనిపించడానికి పదునైన అంచే పెద్ద కారణం.

బ్లెండర్ 4.0 నుంచి రంగుల నిర్వహణకు ఏజీఎక్స్ అనే పద్ధతి వస్తోంది. ఎండ పడిన చోట తెల్లగా మండిపోకుండా చక్కగా కాపాడుతుంది. కానీ లామినేట్ కేటలాగులోని ఎరుపు ఇందులో వెలిసినట్టు ఉంటుంది. లుక్‌ను మీడియం హై కాంట్రాస్ట్‌కు మార్చితే కొంత నయం. క్లయింటు షేడ్ నంబరు పట్టుకుని కూర్చుంటే ఆ చిన్న నమూనాను ఏజీఎక్స్ బదులు ‘స్టాండర్డ్’ పద్ధతిలో విడిగా రెండర్ చేసి ఇవ్వాల్సిందే.

కార్డు కొనేవాళ్లు వేగం కంటే మెమరీ చూడండి. 4096×4096 పిక్సెళ్ల రంగు టెక్స్చర్ (మోడల్ మీద అతికించే బొమ్మ) ఒక్కోటి కార్డులో 64 ఎంబీ తీసుకుంటుంది, 40 ఉంటే 2.5 జీబీ. పైన మోడల్, కర్టెన్లు, మొక్కల ఆకులు. 8 జీబీ కార్డు పెద్ద సీన్లకు ఇరుకే. మెమరీ చాలకపోతే రెండర్ ట్యాబ్‌లోని సింప్లిఫైలో టెక్స్చర్ లిమిట్ 2048 పెట్టండి, టెక్స్చర్ల భారం నాలుగో వంతుకు పడిపోతుంది.

గదిలో నడుస్తున్నట్టు చూపే వాక్‌త్రూ వీడియోలకు మాత్రం సైకిల్స్‌ను సిఫారసు చేయలేం. 30 సెకన్లకు 24 చొప్పున 720 ఫ్రేములు, ఫ్రేముకు 4 నిమిషాలనుకున్నా 48 గంటలు. 2024 జులైలో బ్లెండర్ 4.2తో కొత్తగా రాసిన ఈవీ (EEVEE, బ్లెండర్‌లోని మరో వేగమైన రెండర్ ఇంజిన్) ఆ పనికి నయం. అయినా సైకిల్సే కావాలనుకుంటే వీడియో ఫైలుగా కాక పీఎన్‌జీ వరసగా సేవ్ చేసి, ఓవర్‌రైట్ టిక్ తీసేయండి. మధ్యలో కరెంటు పోయినా అయిపోయిన ఫ్రేముల్ని వదిలేసి మిగతావాటి నుంచి మొదలుపెడుతుంది.