ఫైటర్జ్ కొనాలా, స్పార్కింగ్ జీరో కొనాలా?

పోయిన పండక్కి గుంటూరు నుంచి అక్కవాళ్లు వచ్చారు. మేనల్లుడు చెప్పులు విప్పకుండానే "మావయ్యా, రెండో కంట్రోలర్ ఛార్జింగ్ పెట్టావా?" అన్నాడు. వాడికి పదమూడేళ్లు. భోగి నుంచి కనుమ దాకా విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో టీవీ అమ్మ సీరియళ్లకు దొరకలేదు. డ్రాగన్ బాల్ అనే జపాన్ కార్టూన్ కథ మీద వచ్చిన రెండు వీడియో గేములు మార్చి మార్చి ఆడాం. తిరిగి వెళ్లేటప్పుడు బస్టాండులో అక్క, "వాడికి ఒక్కటే కొంటాను, రెండు కొనలేను. ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది. బస్సు కదిలేలోపు తేలే విషయమా ఇది!

ఒకటి డ్రాగన్ బాల్ ఫైటర్జ్. ఆర్క్ సిస్టమ్ వర్క్స్ చేసింది, 2018 జనవరిలో వచ్చింది. రెండోది డ్రాగన్ బాల్ స్పార్కింగ్ జీరో. స్పైక్ చున్‌సాఫ్ట్ చేసింది, 2024 అక్టోబర్‌లో వచ్చింది. రెండింటినీ అమ్మేది బందాయ్ నామ్కోనే. గోకూ, వెజీటా, ఫ్రీజా రెండింట్లోనూ ఉంటారు. అయినా వీటిని అన్నదమ్ములనుకోకండి, ఒకే ఇంటిపేరున్న పరాయివాళ్లు.

ఈ రెండింటికీ తేడా ఎక్కడో పట్టుకోవాలంటే నేను వేసుకునే ప్రశ్న ఒకటే: యామ్చా ఫ్రీజాను కొట్టి గెలవొచ్చా?

కథ తెలిసినవాళ్లు నవ్వుతారు. ఫ్రీజా లోకాలనే వణికించే విలన్, యామ్చా పాపం సైబామన్ అనే చిల్లర రాక్షసుడి చేతిలోనే పోయినవాడు. కానీ ఫైటర్జ్‌లో గెలవొచ్చు. అక్కడ అందరికీ లైఫ్ బార్ ఒకటే. క్రిల్లిన్ దెబ్బకీ వెజీటా దెబ్బకీ రకంలో తేడా ఉంటుంది కానీ, కథలో ఉన్నంత ఏనుగూ చీమా తేడా ఉండదు. క్రిల్లిన్ సంచీలోంచి ఒకసారి ప్రాణం నింపే సెంజు బీన్ గింజ, ఇంకోసారి ఉత్త రాయి తీసి విసురుతాడు. ఆ రాయితో కూడా పందెం గెలిచేవాళ్లున్నారు. మన వైపు కోడిపందేల్లో జోడీ చూడకుండా పుంజును దింపరు కదా, ఫైటర్జ్ అచ్చం అలా జోడీ కుదిర్చిన పందెం. ఎవరికి ఎవరు పడినా చివరికి చెయ్యి తిరిగినవాడిదే గెలుపు.

స్పార్కింగ్ జీరోలో ఆ జోడీ లెక్కేమీ లేదు. విడుదలనాడే 182 మంది పాత్రలు. అందులో కొన్ని ఒకే మనిషి రకరకాల రూపాలు, నిజమే. అయినా అంతమందిని ఒక్కచోట చూస్తే చిన్నప్పుడు స్టిక్కర్లు పోగేసిన గుర్తు వస్తుంది. బలవంతుడు బలవంతుడే, ఏ శక్తీ లేని మామూలు మనిషి మిస్టర్ సాతాన్ సాతానే. సమానంగా ఆడాలనుకుంటే డీపీ పోరు అని ఇంకో పద్ధతి పెట్టారు. జట్టుకి 15 పాయింట్లు, ఐదుగురి దాకా తీసుకోవచ్చు. బలవంతుడికి ఎక్కువ పాయింట్లు పోతాయి. ఆలోచన బాగుంది. కానీ పిల్లలు ఇద్దరు కూర్చుంటే పాయింట్లు ఎవరు లెక్కపెడతారు? మా ఇంట్లో రెండో ఆటకే ఇద్దరం మహా బలవంతుడైన బ్రోలీనే పట్టుకున్నాం.

ఏది కథకు నిజాయతీగా ఉందంటే స్పార్కింగ్ జీరో. ఏది ఆటకు నిజాయతీగా ఉందంటే ఫైటర్జ్. నా ఓటు ఎటో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, అయినా కాస్త ఆగండి.

ఒంటరిగా ఆడేవాళ్ల సంగతి చూద్దాం. ఇక్కడ ఫైటర్జ్ చతికిలపడుతుంది. స్టోరీ మోడ్‌లో ఆండ్రాయిడ్ 21 అనే కొత్త పాత్ర ఉంది, డ్రాగన్ బాల్ సృష్టికర్త తొరియామా పర్యవేక్షణలో రూపుదిద్దుకుంది. ఆవిడ చుట్టూ కథ పర్వాలేదు. కానీ చిన్న మ్యాప్ మీద గడులు జరుపుకుంటూ, మళ్లీ మళ్లీ అవే నకిలీ గోకూలనీ నకిలీ క్రిల్లిన్లనీ కొట్టాలి. పదో నకిలీ దగ్గర నాకు కునుకు పట్టింది.

స్పార్కింగ్ జీరో మాత్రం ఒంటరివాడికి విందు భోజనమే. గోకూ, వెజీటా, పికోలో, ఫ్రీజా ఇలా ఎనిమిది మంది కళ్లతో కథ నడుస్తుంది. మధ్యలో దారి చీలుతుంది. గోకూ తన అన్న రాడిట్జ్ మీదకి వెళ్లేటప్పుడు పికోలో సాయం తీసుకోవాలా వద్దా అని మనల్నే అడుగుతుంది. వద్దంటే కథ ఎప్పుడూ చూడని వైపు తిరుగుతుంది. ఇరవై ఏళ్లుగా "అప్పుడలా జరిగి ఉంటేనా..." అని వాదించుకున్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? తొరియామా 2024 మార్చి 1న పోయారు, ఈ ఆట ఏడు నెలలకి వచ్చింది. ఆ దారులన్నీ తిరుగుతుంటే కాస్త గుండె బరువెక్కింది, దాచుకోవడం ఎందుకు.

కానీ అదే మోడ్‌లో గ్రేట్ ఏప్ వెజీటా ఉన్నాడు. కొత్తగా ఆడేవాడికి మొదట్లోనే ఎదురయ్యే కొండంత కోతి. మామూలు దెబ్బకి కదలడు, నోట్లోంచి కిరణం వదిలితే సగం ప్రాణం పోతుంది. ఆట వచ్చిన కొత్తలో ప్రపంచమంతా ఇదే గోల. మావాడు కనుమ రోజు పొద్దున్న మొదలుపెట్టి గారెలు వేగే వాసన వచ్చేదాకా కొట్టించుకుంటూనే ఉన్నాడు. "మావయ్యా, ఇది మోసం!" అని కంట్రోలర్ సోఫా మీద విసిరాడు. "ఒరేయ్, దాని ధర తెలుసా నీకు?" అని అరిచాను. తీరా చూస్తే వాడికి దెబ్బ పడే క్షణంలో తప్పుకోవడం ఎవరూ నేర్పలేదు. ఈ ఆటలో నేర్చుకోవలసింది బోలెడు: కీ అనే శక్తి నింపుకోవడం, ఎదురు దెబ్బ, వెనక్కి మాయమవడం. ట్రైనింగ్‌లో అన్నీ చెబుతుంది, కానీ ట్రైనింగ్‌కి వెళ్లే పిల్లాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

ఫైటర్జ్‌లో గుమ్మం తక్కువ ఎత్తు, లోపల మెట్లు ఎక్కువ. ఒకే బటన్ టపటపా నొక్కినా అవతలివాణ్ణి గాల్లోకి లేపి కొట్టే వరస దెబ్బల కాంబో పడుతుంది. అక్క ఒకసారి సరదాకి కంట్రోలర్ తీసుకుని అలాగే నొక్కి కొడుకుని ఓడించింది. వాడు అరగంట మాట్లాడలేదు. కానీ అవతల తెలిసినవాడు ఉంటే మాత్రం నరకం. మూలకి తోసి, మిగతా ఇద్దరు జట్టువాళ్లనీ పిలుచుకుంటూ కొడుతుంటే, మన చేతిలో కంట్రోలర్ ఉండి కూడా సినిమా చూస్తున్నట్టే ఉంటుంది. ఈ ఆటకి నిజమైన లోపం ఇదే.

ఇద్దరు పక్కపక్కన కూర్చునే ఇంట్లో లెక్క పూర్తిగా మారుతుంది. ఫైటర్జ్‌లో ఇద్దరూ ఒకే తెర మీద, పక్కనుంచి కనిపిస్తారు. వెనక కూర్చున్న తాతగారికి కూడా ఎవరు ఎవర్ని కొడుతున్నారో అర్థమవుతుంది. స్పార్కింగ్ జీరోలో కెమెరా వీపు వెనక ఉంటుంది కాబట్టి ఇద్దరాడితే తెరని రెండు ముక్కలు చెయ్యాలి. యంత్రం ఒకే పోరుని రెండుసార్లు గీయాలి, బరువు పెరుగుతుంది. ఆట వచ్చిన కొత్తలో ఇద్దరికి ఒకే ఒక్క వేదిక ఇచ్చారు: కథలో కాలం వేరుగా నడిచే ఆ తెల్లటి ఖాళీ గది. అప్పుడు దీపావళికి వచ్చిన మావాడు, "ఇదేంటి మావయ్యా, సున్నం కొట్టిన గదిలో కొట్టుకోవడం?" అన్నాడు. కొండలు పగలాలి, ఇళ్లు కూలాలి, ఈ ఆటకి అందమే అది. 43 అంగుళాల టీవీలో సగం తెర, అందులో తెల్లగోడ. 2007లో బుడొకై టెన్‌కైచి 3 అనే పాత డ్రాగన్ బాల్ ఆటని పీఎస్2 (ప్లేస్టేషన్ 2)లో గాంధీనగర్ సినిమాహాళ్ల సందులో గంటకింత అని కట్టి ఆడినవాణ్ణి నేను. ఆ వరసలో తర్వాతి పెద్ద ఆటైన ఈ స్పార్కింగ్ జీరోకి పదిహేడేళ్లు ఆగితే ఆ గది చూపించారు. కోపం రాదూ?

ఫైటర్జ్‌లో ఉన్న ఒక్క చిలిపి సంగతి చెబుతాను. లెక్క కుదిరేలా కాంబోలు వేస్తే డ్రాగన్ బాల్స్, అంటే కథలోని ఏడు మాయ బంతులు, ఒక్కొక్కటీ చేరతాయి. అవి ఇద్దరికీ ఉమ్మడి. ఏడూ చేరాక, శక్తి గేజీ నిండుగా ఉన్నవాడు మళ్లీ ఆ కాంబో వేస్తే షెన్‌రాన్ అనే డ్రాగన్ దిగి వచ్చి వరం అడగమంటాడు. ప్రాణం నింపమనొచ్చు, పడిపోయిన జట్టువాణ్ణి లేపమనొచ్చు. ఆరు బంతులు నేను కష్టపడి పోగేశాను. ఏడోది మావాడు అందుకుని, షెన్‌రాన్‌ని పిలిచి, చచ్చిన ఫ్రీజాని లేపుకున్నాడు. నా యామ్చా ఒక్కడే మిగిలాడు. అంతకుముందు ఆటలో నప్పా ఆఖరి దెబ్బ గట్టిగా కొట్టగానే యామ్చా గుంటలో ముడుచుకుని పడే కార్టూన్‌లోని ఆ పాత దృశ్యం కూడా వచ్చింది. తగిన ఇద్దరు, తగిన వేదిక కుదిరితే ఇలాంటివి దానంతటదే వస్తాయి. ఇల్లంతా కేకలు.

బొమ్మ సంగతి క్లుప్తంగా చెబుతాను. స్పార్కింగ్ జీరో అన్‌రియల్ 5 అనే కొత్త గేమ్ ఇంజిన్ మీద మెరుస్తుంది, బాగుంది. ఫైటర్జ్ ఇంకో మెట్టు పైన. అన్నీ త్రీడీ బొమ్మలే, కానీ కదలికలో కావాలని ఫ్రేములు తగ్గించి చేత్తో గీసినట్టు చేశారు. ఎక్కడ పాజ్ చేసినా కార్టూన్ నెట్‌వర్క్‌లో ఆగిన షాట్‌లా ఉంటుంది.

ఇక డబ్బులు. స్పార్కింగ్ జీరో పాత పీఎస్4లో రాదు. పీఎస్5 మన దగ్గరికి 2021లో వచ్చినప్పుడే డిస్క్ ఉన్నది 49,990, తర్వాత పెరిగింది. ఫైటర్జ్‌కి పీఎస్4 చాలు, పైగా సేల్‌లో తరచూ బాగా తగ్గుతుంది. కానీ మామూలు ఎడిషన్‌లో 24 మందే. 2022 దాకా ఇంకో 20 మందిని విడిగా అమ్మారు. అందులో మామూలు నల్లజుట్టు గోకూ కూడా ఒకడు! బంగారు జుట్టు గోకూ ఉచితం, నల్లజుట్టువాడికి డబ్బులు. ఈ వ్యాపారం నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఆన్‌లైన్‌లో ఆడే ఉద్దేశం ఉంటే, ఫైటర్జ్‌కి 2024లో రోల్‌బ్యాక్ వచ్చింది. అవతలివాడు ఏం నొక్కాడో కబురు అందేదాకా ఆగకుండా, ఊహించి ఆట నడిపించి, ఊహ తప్పితే రెప్పపాటులో వెనక్కి వెళ్లి సరిచేసుకుంటుంది. సాయంత్రం ఎనిమిదింటికి వీధంతా ఓటీటీ చూస్తుంటే మా ఇంటి నెట్ కుంటుతుంది కాబట్టి దీని విలువ నాకు తెలుసు. కాకపోతే ఇది పీఎస్5, కొత్త ఎక్స్‌బాక్స్, పీసీలకే. పీఎస్4 వాళ్లకి లేదు.

అక్కకి చెప్పిందిదీ. వాళ్లింట్లో ఉన్నది పీఎస్4. బ్రాడీపేటలో పక్కింటి పిల్లలు ఇద్దరు సాయంత్రం వచ్చి కూర్చుంటారు. అలాంటి ఇంటికి ఫైటర్జ్, అదీ అందరు పాత్రలూ కలిసొచ్చే ఎడిషన్, సేల్ వచ్చేదాకా ఆగి. ఉన్నది ఒక్కడే అయి, పీఎస్5 అప్పటికే ఇంట్లో ఉండి, కథ మీద ప్రాణం పెట్టేవాడైతే ఆలోచించకుండా స్పార్కింగ్ జీరో అనేవాణ్ణి. ఇంకా చిన్న పిల్లలుంటే ఈ రెండూ కాకుండా 2016లో వచ్చిన నరూటో స్టార్మ్ 4 చాలు, ఒక బటన్‌తోనే పండగ.

మిగిలిన డబ్బులతో రెండో కంట్రోలర్ కొనమన్నాను. వాళ్లింట్లో ఉన్నదాని ఎడమ స్టిక్ ముట్టుకోకుండానే పక్కకి పోతోంది. మావాడు ఓడినప్పుడల్లా దాని మీదకే నెట్టేస్తున్నాడు.