జాగ్రత్త: కొత్త కంప్యూటర్ కొంటూ పాత హార్డ్ డిస్కులు షాపులో వదిలి రాకండి

ముందు అసలు సంగతి చెప్పేస్తానండి. కొత్త కంప్యూటర్ కొనేటప్పుడు షాపువాళ్ళు "పాత డేటా అంతా మేమే ఎక్కించి ఇస్తాం, పాత సిస్టమ్ ఎక్స్ఛేంజ్‌లో తీసుకుంటాం" అంటారు. సిస్టమ్ ఇస్తే ఇవ్వండి, అందులోని హార్డ్ డిస్కులు మాత్రం విప్పించి ఇంటికి తెచ్చేసుకోండి. కొత్త కాపీలో ఫైళ్ళు తెరుచుకుంటున్నాయని మీరే తెరిచి చూసుకునేదాకా పాత డిస్కు ఎవరి చేతికీ ఇవ్వద్దు.

మాది పాలకొల్లులో పెళ్ళిళ్ళ ఫొటో, వీడియో స్టూడియో. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మా పాత సిస్టమ్‌లో విండోస్ 11 ఎక్కదు. ఎలాగూ 4కే ఎడిటింగు దానివల్ల కావడం లేదు కాబట్టి, మూఢం వచ్చి ముహూర్తాలు లేని రోజుల్లో కొత్తది తీసుకున్నాం. దగ్గరి పట్నంలో బాగా నడిచే షాపేనండి. ఫిర్యాదు నడుస్తోంది గనక పేరు రాయడం లేదు. కొటేషన్‌లో 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళేలు లేకుండా చిప్పుల్లోనే డేటా దాచే వేగమైన డ్రైవ్), దాంతోపాటు "4 టీబీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్, డేటా ట్రాన్స్‌ఫర్ ఫ్రీ" అని రాశారు. పాత సిస్టమ్‌ని లోపలి రెండు హార్డ్ డిస్కులతో కలిపి ఎక్స్ఛేంజ్ ధర కట్టారు.

డెలివరీ నాడు షాపు కుర్రాడు డ్రైవ్ పెట్టి అన్నీ చూపించాడు. పెళ్ళివారి ఇంటిపేర్లతో ఫోల్డర్లు, తేదీలు, ఫైళ్ళ లెక్క, సైజులు, అన్నీ పాతవాటితో సరిపోయాయి. మళ్ళీ ముహూర్తాలు మొదలై పనిలో పడ్డాం. ఆ సందట్లో ఆచంట వైపు నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఇంట్లో పెద్దాయన పోయారు, మనవరాలి పెళ్ళిలో తీసిన ఫొటో ఫ్రేము కట్టించి పెద్దకర్మకి పెట్టుకుంటాం, పంపండి అని. ఫోల్డర్ ఉంది, ఫైలు ఉంది, సైజు ఉంది. నొక్కితే తెరుచుకోదు. పక్క పెళ్ళి తెరిస్తే అదీ అంతే. ఆఖరికి తెలిసిందేమిటంటే, మొదట కాపీ అయిన కొద్దిపాటి ఫోల్డర్లు తప్ప మిగతావన్నీ పేర్లే.

డ్రైవ్ కేసు విప్పి చూస్తే లోపల హార్డ్ డిస్కు లేదు. చిన్న బోర్డు మీద 64 జీబీ మెమొరీ కార్డు అతికించి ఉంది. నకిలీ డ్రైవులు పనిచేసే తీరు ఇదేనండి. అందులోని కంట్రోలర్ చిప్‌కి అబద్ధం నేర్పి పెడతారు. అది కంప్యూటర్‌కి "నాలో 4 టీబీ ఉంది" అని చెబుతుంది. నిజమైన చోటు నిండాక వచ్చిన డేటాని ఎక్కడా రాయదు, లేదా వెనక్కి తిరిగి పాతదాని మీదే రాస్తుంది. ఎర్రర్ మాత్రం ఇవ్వదు. ఫైళ్ళ పేర్లూ సైజులూ రాసుకునే పట్టిక డ్రైవ్ మొదటి భాగంలో ఉంటుంది కాబట్టి అది చెక్కు చెదరదు. పుస్తకంలో విషయసూచిక మిగిలి లోపలి పేజీలన్నీ తెల్లగా ఉన్నట్టన్నమాట. అందుకే ఫోల్డర్ సైజు సరిపోయింది కదా అని ఎవరైనా చూపిస్తే దాన్ని రుజువుగా తీసుకోకండి. నడిమధ్య నుంచి, చివరి నుంచి పెద్ద వీడియోలు తెరిచి, ముందుకు జరిపి జరిపి చూడండి.

అసలు డేటా ఎక్కించక ముందే పరీక్ష చేయడం ఇంకా మంచిది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని విండోస్‌కి ఉచిత ప్రోగ్రాం ఉంది. ఖాళీ డ్రైవ్ నిండా డేటా రాసి, మళ్ళీ మొత్తం చదివి సరిచూస్తుంది. లినక్స్, మ్యాక్ వాడేవాళ్ళకి ఎఫ్3 ఉంది. టైం పడుతుంది మరి. సెకనుకి 100 ఎంబీ లెక్కన 4 టీబీ రాయడానికే పదకొండు గంటలు, చదవడానికి ఇంకో పదకొండు. అంత ఆగలేని వాళ్ళకి వాలిడ్రైవ్ అనే ప్రోగ్రాం డ్రైవ్‌లో అక్కడక్కడ రాసి చూసి తొందరగా చెప్పేస్తుంది. హార్డ్ డిస్కు గానీ ఎస్‌ఎస్‌డీ గానీ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచి అది ఎన్ని గంటలు నడిచిందో కూడా చూడండి. కొత్తదని అమ్మినదానికి వేల గంటలు కనపడితే వెనక్కి ఇచ్చేయండి. ఒక్కటి మాత్రం మోసం కాదు. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ అని కనపడుతుంది. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో లెక్కేస్తుంది, తేడా అంతే. జేబులో పట్టే 16 టీబీ డ్రైవ్ రెండు వేలకే అని ఆన్‌లైన్‌లో కనపడితే మాత్రం ఆ వైపు పోకండి. పేరున్న కంపెనీల జేబు సైజు హార్డ్ డిస్కులే ఈమధ్య దాకా 5 టీబీ దాటలేదు, 2024లో 6 టీబీ వచ్చింది.

షాపుకి వెళ్ళి అడిగితే "మాకూ సప్లయర్ అలాగే ఇచ్చాడండి" అన్నారు. కావచ్చు. తెలిసి ఇచ్చారో తెలియక ఇచ్చారో నేను తేల్చలేను. కానీ మా హార్డ్ డిస్కులు ఏవని అడిగితే, రెండూ ఫార్మాట్ చేశామని, ఒకటి అప్పుడే వేరేవాళ్ళ సిస్టమ్‌లో వేసి అమ్మేశామని చెప్పారు. ఇది ఏ సప్లయర్ మీదా నెట్టేది కాదు. అందులో ఆడపిల్లల పెళ్ళిళ్ళు, పుష్పవతి ఫంక్షన్లు, ఇళ్ళలో తీసిన వీడియోలు ఉన్నాయి. జనం మమ్మల్ని నమ్మి తీయించుకున్నవి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాడు ఎవడైనా వాటిని బయటికి తీయగలడు. డబ్బు నష్టం కంటే ఇదే మా ఇంట్లో అందర్నీ నిద్రపోనివ్వలేదు.

గట్టిగా పట్టుబడితే అమ్మని డిస్కు తిరిగి ఇచ్చారు. అది మామూలు హార్డ్ డిస్కు, చేసింది క్విక్ ఫార్మాట్. క్విక్ ఫార్మాట్ పట్టికని మాత్రమే చెరుపుతుంది, లోపలి డేటా జోలికి పోదు. మా తమ్ముడు ఆ డిస్కులో ఏమీ రాయకుండా, ముందు ఇంకో డిస్కులోకి అచ్చుగుద్దినట్టు ఇమేజ్ తీసి, ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ అనే రికవరీ ప్రోగ్రాం నడిపాడు. చాలావరకు వచ్చాయి. పేర్లు పోయాయి, అంకెలతో వేల ఫొటోలు గుట్టగా పడ్డాయి. ఫొటోలో కెమెరా రాసుకున్న తేదీని బట్టి ఏ పెళ్ళిదో విడదీస్తున్నాం. ఆచంట పెద్దాయన ఫొటో అందులో దొరికింది, పెద్దకర్మ అయిపోయాక. రెండో డిస్కులోవి మాత్రం పెళ్ళివాళ్ళకి అప్పట్లో ఇచ్చిన పెన్ డ్రైవులు ఒక్కొక్కరినీ అడిగి తెచ్చుకుని కాపీ చేసుకుంటున్నాం.

మీది ఎస్‌ఎస్‌డీ అయితే ఈ ఆశ కూడా పెట్టుకోకండి. ఎస్‌ఎస్‌డీలో ఫార్మాట్ చేయగానే ట్రిమ్ అనే ఆదేశం వెళ్ళి, ఆ చోటంతా ఖాళీ అని డ్రైవ్‌కి చెప్పేస్తుంది. కాసేపటికి డ్రైవే దాన్ని లోపల తుడిచేస్తుంది. హార్డ్ డిస్కుకి కూడా ఫుల్ ఫార్మాట్ కొడితే విస్టా నుంచి ఇటు విండోస్ మొత్తం సున్నాలు రాస్తుంది. అమ్మేసే డిస్కుకి చేయాల్సింది అదే, కాకపోతే మీ చేత్తో, మీ ఇంట్లో, కాపీ ఖాయమయ్యాక.

ఇక ఎంత స్టోరేజీ కొనాలన్నది షాపువాడి ప్యాకేజీని బట్టి కాకుండా మీ పనిని బట్టి లెక్కేసుకోండి. 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 100 మెగాబిట్లు, అంటే 12.5 ఎంబీ) తీసిన 4కే వీడియో గంటకి 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగేసి గంటలు తిరిగితే ఒక్క పెళ్ళికే 360 జీబీ. మాలాంటి వాళ్ళకి 1 టీబీ ఎస్‌ఎస్‌డీ విండోస్‌కీ, చేతిలో ఉన్న పనికీ మాత్రమే. పూర్తయినవి లోపలి పెద్ద హార్డ్ డిస్కులోకి పోవాలి, అక్కడి నుంచి ఎక్స్‌టర్నల్‌లోకి ఇంకో కాపీ. ఇంట్లో వాడుకునేవాళ్ళకి, రొయ్యల చెరువు లెక్కలూ పిల్లల ఫొటోలూ దాచుకునేవాళ్ళకి ఇంత అక్కర్లేదు గానీ, రెండో కాపీ మాత్రం ఎవరికైనా కావాలి. బ్యాకప్ అని ఎస్‌ఎస్‌డీలో పెట్టి ఏళ్ళ తరబడి బీరువాలో పడేయకండి. కరెంటు తగలకుండా చాలాకాలం ఉంటే అందులో డేటా చెడిపోవచ్చు. దానికి హార్డ్ డిస్కే నయం, అదీ అప్పుడప్పుడు తీసి నడిపి చూసుకుంటూ ఉండాలి. వన్‌డ్రైవ్‌లో ఉంది కదా అనుకోకండి. ఉచితంగా వచ్చేది 5 జీబీయే, పైగా అది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది.

మూడు కాపీలు, రెండు రకాల పరికరాల్లో, ఒకటి వేరే ఊళ్ళో అనే పద్ధతి ఉంది. పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫరే దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. మన డెల్టాలో ఆ "వేరే ఊరు" అనే మాటని బాగా ఆలోచించి పాటించాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక గ్రామాల్లో ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. కనకాయలంక వాళ్ళకి కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. 1986 ఆగస్టులో అయితే 35 లక్షలు దాటింది. కాబట్టి రెండో కాపీ పక్క వీధిలో కాదు, మెట్ట వైపో హైదరాబాద్‌లోనో ఉన్న మన వాళ్ళింట్లో ఉండాలి. మాది ఇప్పుడు రాజమండ్రిలో అక్కావాళ్ళింట్లో మేడమీద ఉంది, పాస్‌వర్డ్ పెట్టి. తేమకి సిలికా జెల్ పొట్లం వేసి గాలి చొరని డబ్బాలో పెట్టాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. కొత్త కంప్యూటర్‌ని షాపువాళ్ళ చేత వాళ్ళ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో స్టార్ట్ చేయించకండి. విండోస్ 11 చాలా సిస్టముల్లో డ్రైవ్‌కి దానంతట అదే తాళం వేసేస్తుంది. ఆ తాళం తీసే 48 అంకెల రికవరీ కీ మొదట సైన్ ఇన్ అయిన అకౌంట్‌లోకి పోతుంది. రేపు మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే ఆ కీ అడుగుతుంది. అప్పుడు ఆ కుర్రాడు షాపు మానేసి ఉంటే మీ డేటా మీకు కాకుండా పోతుంది. మీ అకౌంట్‌తోనే పెట్టించి, కీ కాగితం మీద రాసుకోండి.

జీఎస్టీ బిల్లు మీద ప్రతి డ్రైవ్ కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు రాయించండి. ఫ్రీగా ఇచ్చినదైనా సరే. మా బిల్లులో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి సీరియల్ నంబరు లేదు, ఇప్పుడు షాపు దాన్నే పట్టుకుని వాదిస్తోంది. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి వారంటీ ఉందో లేదో అక్కడే, డబ్బు కట్టకముందే చూడండి. పాత సిస్టమ్ ఇచ్చేటప్పుడు "హార్డ్ డిస్కులు లేకుండా" అని కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి.

మేము 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. కొటేషన్ ఫొటో, ఆ 64 జీబీ కార్డు, కేసు విప్పుతున్నప్పుడు తీసిన వీడియో అన్నీ భద్రపరిచాం. ఈ మధ్య ఇటువైపు షాపుల్లో ఎవరైనా సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొని, అందులో మీవి కాని పెళ్ళి ఫొటోలు కనపడితే, దయచేసి ఎవరికీ పంపకండి, ఆ డిస్కులో కొత్తగా ఏమీ రాయకండి, అమ్మిన షాపుని అడిగి మా స్టూడియోకి కబురు చేయించండి. డిస్కు ధర మేమే ఇచ్చుకుంటాం.