పుట్టిన పాపకు చెవి టెస్టు: ఓఏఈనా, ఏబీఆరా?
హన్మకొండల కాన్పైనోళ్లు చాలామంది ఇదే అడుగుతరు. రెండూ పాపకు వినపడుతుందా లేదా చూసే టెస్టులే. ఓఏఈల చెవిల చిన్న ప్రోబ్ (సన్న గొట్టం లాంటిది) పెట్టి సౌండ్ ఇస్తరు, లోపలి చెవి నుంచి తిరిగి సౌండ్ వస్తుందా చూస్తరు, పాప పండుకొని ఉంటే నిమిషాలల్ల అయిపోతది, కానీ మొదటి రోజు చెవిల తడి, తెల్లటి జిగురు ఉంటే 'రెఫర్' (మళ్లీ చూడాలె) అని రావొచ్చు, అంతమాత్రాన చెవుడని ఏడ్వకుండ్రి, మళ్లీ చేపియ్యుండ్రి. ఏబీఆర్‌ల నుదురుకు, చెవుల ఎనక స్టిక్కర్లు అంటిస్తరు, చెవి నరంల సిగ్నల్ మెదడు దిక్కు పోతుందా తెలుస్తది. నరంల తేడా ఉంటే ఓఏఈకి దొరకదు, అందుకే ఎన్ఐసీయూల (పసిపిల్లల ఐసీయూ) 5 రోజుల కంటే ఎక్కువున్న పిల్లలకు, కామెర్లు ముదిరి రక్తం మార్చినోళ్లకు ఏబీఆరే చేపియ్యాలె. మిగతోళ్లకు ఓఏఈతోని మొదలుపెట్టొచ్చు. ఏ టెస్టైనా పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, తేడా వస్తే 3 నెలల్లోపు పూర్తి పరీక్ష, 6 నెలల్లోపు వినికిడి మిషనో ట్రీట్‌మెంటో షురూ కావాలె, 'మగపిల్లలు లేటుగనే మాట్లాడుతరు' అని అమ్మమ్మ అన్నా ఆగకుండ్రి.